దేవుడి చక్రం, మన చేతి కత్తి

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకుంటాడు. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. వాటి నల్లటి డిప్ప మీద ఒక్కో గడి నడిమి నుంచి పసుపు గీతలు చుక్కలా విచ్చుకుని ఉంటాయి. తోటకూర కట్ట విప్పి వేస్తే మెడ చాచి, తొందర లేకుండా, ఆకు అంచు నుంచి కొరుకుతూ వస్తాయి. గర్భగుడిలో స్వామికి మొక్కినవాళ్లు బయటికొచ్చి వీటికీ మొక్కుతారు.

ఆ గుడి మండపంలో సాగిన సంవాదమిది. ఒకరు బడిలో తెలుగు చెప్పి రిటైరై, ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పురాణం చెబుతున్న మావయ్య. మరొకరు పశువుల డాక్టరుగా పనిచేస్తున్న ఆయన మేనకోడలు. ఆయన ఎప్పుడో మాంసం మానేశారు. ఆమె మానలేదు.

మావయ్య: చూశావా తల్లీ, ఇక్కడ జనం మొక్కేది తాబేలుకి. పరమాత్మ చేపయ్యాడు, తాబేలయ్యాడు, పందయ్యాడు, సగం సింహమయ్యాడు. పూర్తి మనిషి రూపం ఆ తర్వాతే. అన్ని ప్రాణుల్లోనూ నేనే ఉన్నానని చెప్పడానికి ఆయన ఇంతకన్నా ఏం చెయ్యాలి? జీవహింస కూడదని వేరే శాస్త్రం వెతకక్కర్లేదు, దశావతారాల వరస చాలు.

మేనకోడలు: రూపాలే చెబుతున్నారు మావయ్యా, ఆ రూపాల్లో వచ్చి ఏం చేశాడో చెప్పడం లేదు. వరాహం హిరణ్యాక్షుణ్ణి చంపింది. నరసింహుడు హిరణ్యకశిపుడి పేగులు మెడలో వేసుకున్నాడు. పరశురాముడు ఇరవై ఒక్కసార్లు క్షత్రియుల మీద పడ్డాడు. రాముడికి రావణుడు, కృష్ణుడికి కంసుడు. ఇక రాబోయే కల్కి చేతిలో కత్తి పెట్టే బొమ్మ గీస్తారు. అహింస నేర్పడానికి వచ్చినవాళ్ల జాబితాలా ఉందా ఇది?

మావయ్య: తాబేలు ఎవరిని చంపింది? పాలసముద్రం చిలికేటప్పుడు దేవతలకీ రాక్షసులకీ కూడా అవసరమైన కొండను వీపున మోసింది. వామనుడు ఆయుధం పట్టాడా? మూడడుగులు అడిగాడు. బలిని సుతలానికి పంపి, అతని వాకిట తానే కాపలా నిలబడ్డాడని భాగవతం. ఓడినవాడి గుమ్మం కాసిన దేవుడు మనకున్నాడు. ఆ సంగతి మరిచి, చంపిన అవతారాలనే లెక్కపెడితే ఎలా?

మేనకోడలు: సరే, ఆ రెండూ మీకే ఇస్తాను. మిగిలినవాటికి మీరు చెప్పే సమాధానం నాకు ముందే తెలుసు. హిరణ్యాక్షుడూ హిరణ్యకశిపుడూ వైకుంఠంలో ద్వారపాలకులైన జయవిజయులు, మూడు జన్మల శాపం తీరాలి, దేవుడి చేతిలో చావడమే వాళ్లకు మోక్షం. అంతేగా?

మావయ్య: అంతే. అందులో తప్పేముంది? భగవంతుడు చంపితే చచ్చినవాడు ఆయన్నే చేరతాడు. ఆ చావులో ద్వేషం లేదు.

మేనకోడలు: తప్పు కథలో లేదు, కథను వాడుకునే తీరులో ఉంది. చంపడం కూడా మేలు చేయడమేనని ఒకసారి ఒప్పుకున్నాక, ఆ మాట దేవుడి దగ్గరే ఆగదు. కత్తి ఉన్న ప్రతివాడూ ఎదుటివాణ్ణి రాక్షసుడంటాడు, తాను ధర్మరక్షణ చేస్తున్నానంటాడు. అహింస పరమధర్మమనే మాట పక్కన, ధర్మం కోసం చేసే హింస కూడా అంతటి ధర్మమేనని మరో ముక్క చేర్చి ఫోన్లలో పంచుకుంటున్నారు. భారతంలో ఉందట!

మావయ్య: లేదు తల్లీ. ఆ రెండో ముక్క భారతంలో లేదు. ఎవరో అతికించారు. అనుశాసన పర్వంలో భీష్ముడు అంపశయ్య మీద పడుకుని ధర్మరాజుకి అహింస గురించి చెప్పిన అధ్యాయాలున్నాయి. అక్కడ అహింసను ధర్మమనీ తపస్సనీ దానమనీ పొగిడాడు తప్ప, ఇలాంటి తోక తగిలించలేదు. ఆ చెప్పేవాడు ఎవరు? జీవితమంతా యుద్ధాలు చేసి, ఒళ్లంతా బాణాలతో పడి ఉన్నవాడు. హింస అంటే ఏమిటో తెలిసి చెప్పిన మాట అది.

మేనకోడలు: ఆ భీష్ముడే అదే పర్వంలో శ్రాద్ధానికి ఏ మాంసం పెడితే పితృదేవతలు ఎన్నాళ్లు తృప్తి పడతారో కూడా వరసగా చెప్పాడు. రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి.

మావయ్య: ధర్మరాజు కూడా అదే పట్టుకున్నాడు! అహింస గొప్పదంటావు, శ్రాద్ధంలో మాంసం అంటావు, చంపకుండా మాంసం ఎక్కడినుంచి వస్తుంది, నాకు సందేహంగా ఉంది తాతా అని సూటిగా అడిగాడు. నాకు మన గ్రంథాల్లో నచ్చేది అదే. చిక్కును దాచిపెట్టలేదు, అడిగేవాడి నోట పలికించారు. భీష్ముడు బదులిస్తూ, యజ్ఞంలో విధించినది వేరని ఒక పక్క చెబుతూనే, మానినవాడి పుణ్యాన్ని ఆకాశానికెత్తాడు. మనువు దారీ దాదాపు అదే. ఒకచోట విడుపు, మరోచోట మందలింపు. చంపమన్నవాడు, కోసినవాడు, అమ్మినవాడు, వండినవాడు, తిన్నవాడు అందరూ ఆ పాపంలో భాగస్థులేనన్నాడు.

మేనకోడలు: ఇలా రెండు వైపులా చెప్పే శాస్త్రాన్ని పట్టుకుని ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు.

మావయ్య: తీసుకుంటారు. అందుకే గ్రంథం ఏ దిక్కుకు కదులుతోందో చూడాలంటాను. అవతారం చేసిన హింసను కూడా మనవాళ్లు నోరుమూసుకుని ఒప్పుకోలేదు. అరణ్యకాండ గుర్తుందా? దండకలో మునులు రాక్షసుల బాధ చెప్పుకుంటే రాముడు అభయమిస్తాడు. దారిలో సీత ఆపి అడుగుతుంది. మనకు వాళ్లు ఏ అపకారమూ చెయ్యలేదు కదా, పగ లేకుండా చంపడం మహాదోషం కదా అని. ఒక తపస్వి కథ చెబుతుంది. ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి అతని దగ్గర ఒక కత్తి దాచమని ఇచ్చాడు. దాన్ని కాపాడాలని పండ్లు ఏరుకోవడానికి వెళ్లినా వెంటే పట్టుకెళ్లేవాడు. రోజూ చేతిలో కత్తి ఉండగా ఉండగా తపస్సు జారిపోయింది, మనసు కరుకెక్కింది, చివరికి నరకానికి పోయాడు. అవతారపురుషుడి ముఖం మీదే భార్య ఈ కథ చెప్పింది. వాల్మీకి దాన్ని రాశాడు.

మేనకోడలు: రాముడు విన్నాడా మరి?

మావయ్య: మాట ఇచ్చాను, తప్పలేనన్నాడు. కానీ నాకెందుకు చెబుతున్నావని కసరలేదు. నా మీద ప్రేమతో చెప్పావని మెచ్చుకున్నాడు. వాదంలో ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టు. ఆ ప్రశ్న రామాయణంలో ఉందా లేదా?

మేనకోడలు: ఉంది. బాగా ఉంది. నేను వినలేదు ఇన్నాళ్లూ. మీరు పురాణంలో సీత కన్నీళ్లు చెబుతారు, ఈ వాదన ఎప్పుడూ చెప్పలేదు.

మావయ్య: ఇకమీద చెబుతాను. పరశురాముడి సంగతీ విను. శమంతపంచకంలో ఐదు మడుగులు నెత్తుటితో నింపాడని ఆదిపర్వం. అప్పుడు ఋచీకుడు మొదలైన పితృదేవతలు వచ్చి వరం కోరుకోమంటే, కోపంతో నేను చేసిన ఈ సంహారపు పాపం పోవాలని అడిగాడు. వాళ్లు సరేనని, ఇక చాలించమన్నారు. అతను ఆగాడు. అవతారమే తన హింసను పాపమంది తల్లీ. మనమెవరం దాన్ని పుణ్యమనడానికి?

మేనకోడలు: ఇవి మీకు అనుకూలమైనవి. ఖాండవ దహనం మాట?

మావయ్య: అడుగుతావని అనుకుంటూనే ఉన్నాను.

మేనకోడలు: అగ్నికి ఆకలేసిందని కృష్ణుడూ అర్జునుడూ అడవికి రెండు పక్కలా నిలబడ్డారు. మంటల్లోంచి పారిపోయే జంతువుల్ని, పక్షుల్ని బాణాలతో కొట్టి మళ్లీ మంటల్లోకే పడేశారు. అవి ఏ వేదం దొంగిలించాయి? ఎవరి భార్యను ఎత్తుకుపోయాయి? వేసవిలో అడవి అంటుకున్నాక బయటపడ్డ జంతువుల్ని నేను చూశాను. కాళ్ల కింద మెత్తటి చర్మం ఊడిపోయి నిలబడలేవు. ఆ అధ్యాయం చదివితే నాకు అవే కళ్లముందు ఆడతాయి.

మావయ్య: దానికి సమర్థన వెతకను. వ్యాఖ్యాతలు చెప్పిన కారణాలేవీ నా మనసుకు ఆనవు. ఒక్కటి మాత్రం చెబుతాను. వ్యాసుడు ఆ మంటల మధ్య జరిత అనే తల్లిపక్షిని పెట్టాడు. రెక్కలు రాని నాలుగు పిల్లల్ని ఎలా కాపాడుకోవాలో తెలియక అది ఏడ్చే ఏడుపును అధ్యాయాలకొద్దీ వినిపించాడు. గెలిచినవాళ్ల కథలో చావబోయే పిట్టకు అంత చోటు ఇచ్చాడు. రామాయణం పుట్టిందీ వేటగాడి బాణానికి పడిన క్రౌంచ పక్షిని చూసి వాల్మీకికి కలిగిన శోకంలోంచే. ఇక కృష్ణుడు ఎలా పోయాడు? అడవిలో పడుకుని ఉంటే జర అనే వేటగాడు పాదాన్ని చూసి లేడి అనుకుని కొట్టాడు. జంతువుకు తగలాల్సిన బాణం పరమాత్మకు తగిలింది. ఆయన ఆ వేటగాణ్ణి ఓదార్చి తాను వెళ్లిపోయాడు. ఖాండవానికి ఇది శిక్ష అని నేననను. కానీ ఆ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

మేనకోడలు: చదవడం బాగుంది. కానీ అహింసను మన వేదమతమే మొదట చెప్పినట్టు మీరు మాట్లాడతారే, అది ఒప్పుకోను. అశ్వమేధం మనదే. వద్దన్నవాళ్లు జైనులు, బౌద్ధులు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి మొదటి శాసనం ఉంది. జీవాన్ని చంపి బలి ఇవ్వకూడదన్నాడు. తన వంటశాలలో ఒకప్పుడు రోజుకు లక్షల ప్రాణులు పోయేవని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేనని, ఆ లేడి కూడా రోజూ కాదని, ముందు ముందు ఆ మూడూ ఉండవని చెక్కించాడు. ఒక చక్రవర్తి తన వంటింటి లెక్క ఊరందరికీ చూపించాడు. మన రాజు ఎవరైనా చేశాడా ఆ పని?

మావయ్య: ఆ శాసనం ముందు నేనూ తలవంచుతాను. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో మన నేల మీద నిలిచిన మాట అది. శ్రమణుల దగ్గర మనం నేర్చుకున్నాం. నేర్చుకున్నట్టు ఒప్పుకున్నాం కూడా. జైనుల తొలి తీర్థంకరుడు ఋషభుణ్ణి భాగవతం విష్ణువు అవతారంగా చెప్పింది. బుద్ధుణ్ణీ అవతారాల్లో చేర్చుకుంది.

మేనకోడలు: ఎలా చేర్చుకుందో కూడా చెప్పండి. దేవతల శత్రువుల్ని మోసపుచ్చి తప్పుదారి పట్టించడానికి బుద్ధుడిగా పుడతాడని! అది గౌరవమా? మనకు గిట్టని బోధను మన దేవుడి మాయగా లెక్కకట్టడం.

మావయ్య: అది గౌరవం కాదు, నిజమే. కానీ అక్కడితో ఆగిపోలేదు. పన్నెండో శతాబ్దంలో జయదేవుడు గీతగోవిందంలో దశావతారాల్ని పాడుతూ, బుద్ధుణ్ణి ఏమని స్తుతించాడు? యజ్ఞంలో పశువుల్ని చంపడం చూసి కరుణతో వద్దన్నవాడిగా. అనుమానంతో లోపలికి రానిచ్చిన అతిథినే కొన్ని శతాబ్దాలకు ఇంటి పెద్దగా కూర్చోబెట్టారు. భాగవతంలోనే ప్రాచీనబర్హి కథ చూడు. యజ్ఞాల మీద యజ్ఞాలు చేసి పశువుల్ని చంపిన రాజు. నారదుడు అతనికి ఆకాశంలో ఆ పశువులన్నిటినీ చూపించాడు. నీ చావు కోసం ఎదురుచూస్తున్నాయి, ఇనుప కొమ్ములతో నిన్ను పొడుస్తాయి అన్నాడు. మధ్వాచార్యుల సంప్రదాయంలో యజ్ఞానికి పిండితో చేసిన పశువును వాడతారు. ఇవన్నీ లోపలినుంచి వచ్చిన దిద్దుబాట్లు.

మేనకోడలు: దిద్దుబాటు యజ్ఞశాలలో జరిగింది. కానీ దాని బరువు పడింది ఎవరి మీద? మాంసం మానినవాడు పైవాడు, తినేవాడు కిందివాడు అన్నారు. అహింస ఒక కులం గుర్తుగా మారింది. మీరు తెలిసి చెయ్యలేదు మావయ్యా, కానీ మా ఇంటికొచ్చినప్పుడు మీకు విడిగా గిన్నెలు తోమి పెట్టేది మా అమ్మ. అహింస పేరుతో మనిషిని దూరం పెడితే అది హింస కాదా?

మావయ్య: అవును, హింసే. వనపర్వంలో ధర్మవ్యాధుణ్ణి పెట్టింది ఈ మాట చెప్పడానికే. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు మీది కొంగను కంటిచూపుతో కాల్చేసిన తపస్వి. అతను ధర్మం నేర్చుకోవడానికి మిథిలలో మాంసం కొట్టు ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ వ్యాధుడు ఏమన్నాడు? సేద్యం మంచిదంటారు, నాగలి కర్రు కింద ఎన్ని ప్రాణులు చస్తాయో చూశావా? ధాన్యపు గింజలోనూ జీవముంది, నడిచే పాదం కిందా జీవముంది, హింస చెయ్యనివాడు లోకంలో లేడు, ప్రయత్నం చేస్తే తగ్గించుకోవచ్చు, అంతే అన్నాడు. మన తిన్నడు శ్రీకాళహస్తిలో శివుడికి మాంసం తెచ్చిపెట్టాడు, నోటితో నీళ్లు తెచ్చి పోశాడు. శివుడు అతన్ని కన్నప్పను చేసుకున్నాడు. ధూర్జటి ఆ కథను ఎంత ప్రేమగా రాశాడో నీకు తెలుసు. అహోబిలంలో నరసింహుడు చెంచుల ఆడపడుచును పెళ్లాడాడు. వేటే బతుకైన వాళ్లు ఈనాటికీ ఆయన్ని తమ ఇంటి అల్లుడంటారు. వాళ్ల భక్తిని తక్కువ చేసే హక్కు నాకు లేదు.

మేనకోడలు: అయితే మానమని ఎందుకు చెబుతారు?

మావయ్య: నేను మానాను కాబట్టి, మానితే ఏం మిగిలిందో చెబుతాను. తిననివాడు పుణ్యాత్ముడని చెప్పను.

మేనకోడలు: చెప్పకూడదు కూడా. మీ చేతిలోని పాలగ్లాసు సంగతి నేను చెబుతాను వినండి. గేదె ఈనితే, దూడ మగదైతే దానికి పొదుగు దగ్గర చోటు ఉండదు. దున్నపోతుతో ఇప్పుడు పొలం పని లేదు, పెంచితే మేత దండగ. పాలు తాగనివ్వకుండా కట్టేస్తారు. నా దగ్గరికి తెచ్చేసరికి కడుపు వీపుకు అంటుకుని ఉంటుంది. చచ్చాక దాని తోలులో గడ్డి కుక్కి, కర్రలు పెట్టి నిలబెట్టి గేదె ముందు పెడతారు. అది నాకుతూ పాలు చేపుతుంది. అదీ లేకపోతే సూది మందు. ఆ పాలతోనే అభిషేకం, ఆ పెరుగుతోనే మీ భోజనం. కోడిని తిన్న నేను హింసకురాలినా, ఆ పాలు తాగిన మీరు అహింసాపరులా?

మావయ్య: ... దీనికి నేను వాదించను. శాంతిపర్వంలో తులాధారుడని కాశీ వర్తకుడున్నాడు. జడల్లో పిచ్చుకలు గూడు పెట్టుకున్నా కదలని జాజలి అనే మునికి ధర్మం చెప్పినవాడు. ఎద్దుల వృషణాలు కోసేవాళ్లనీ, ముక్కులు పొడిచి బరువులు మోయించేవాళ్లనీ చూడమన్నాడు. అన్నం పుట్టే చోట ఉన్న బాధను అప్పుడే లెక్కకట్టాడు. చదివాను, పురాణంలో చెప్పాను కూడా. పాలగ్లాసు దాకా తెచ్చుకోలేదు.

మేనకోడలు: నేనూ నా వంతు ఒప్పుకోవాలి. శనివారం తినను, కార్తీకంలో తినను. మిగిలిన రోజుల్లో అదే కోడికి నొప్పి ఉండదా? వారాన్ని బట్టి దయ ఎలా మారుతుందో నాకే అర్థం కాదు.

మావయ్య: దాన్ని నువ్వు మరీ తీసిపారెయ్యకు. పతంజలి యోగసూత్రాలకు వ్యాసభాష్యం ఉంది. అందులో సరిగ్గా ఇదే చర్చ. చేపల్ని తప్ప ఇంకేదీ చంపనన్న జాలరిది జాతితో హద్దు కట్టుకున్న అహింస. తీర్థంలో చంపనంటే చోటుతో హద్దు, చతుర్దశినాడు చంపనంటే కాలంతో హద్దు. ఏ హద్దూ లేకుండా అన్నివేళలా పాటిస్తే అది మహావ్రతం. చిన్నదాన్ని తప్పనలేదు, చిన్నదని చెప్పాడు. మనిళ్లల్లో శనివారం, కార్తీకం, అయ్యప్ప మాల అన్నీ ఆ చిన్న మెట్లే. మెట్టు మీదే కాపురం పెడితే తప్పు.

మేనకోడలు: ఈ మాట నచ్చింది. అయితే జాతర వేటపోతు దగ్గర మాత్రం మీరు మెట్ల లెక్క మరిచిపోతారు. వెంటనే ఆపెయ్యాలంటారు.

మావయ్య: అంటాను. అమ్మ పేరు చెప్పి బిడ్డను కోయడం నాకు మింగుడుపడదు. 1950లోనే ఆలయాల్లో, వాటి ఆవరణల్లో జంతు పక్షి బలుల్ని నిషేధిస్తూ మనకు చట్టం వచ్చింది. గుమ్మడికాయ కొట్టి మొక్కు తీర్చుకోవడం ఎప్పటినుంచో ఉంది. మేడారం జాతరలో నిలువెత్తు బెల్లాన్ని బంగారమని సమర్పిస్తారు.

మేనకోడలు: మేడారంలో బెల్లంతోపాటు మేకలూ కోళ్లూ ఉంటాయి మావయ్యా. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మతాచారం ప్రకారం చంపడాన్ని నేరంగా లెక్కించదు. రెండు చట్టాల మధ్య పోలీసుకే అయోమయం. నా అభ్యంతరం వేరే. ఆదివారం మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడితే ఎవరూ ఏమీ అనరు. ఏడాదికోసారి అమ్మవారి ముందు కోసి, ఊరంతా కలిసి వండుకు తింటే అనాగరికమంటారు. కొట్టులో కోసినా గుడి ముందు కోసినా మేక పడే బాధలో తేడా లేదు. తేడా చూసేవాడి కులంలో ఉంది.

మావయ్య: దేవుడి పేరు కలిపితే తేడా ఉందనే నా నమ్మకం. ఆకలికి చేసినదాన్ని ఆకలి ఖాతాలో రాసుకోవచ్చు. దేవుడి ఖాతాలో రాస్తే ఆయన మీద నింద.

మేనకోడలు: ఇక్కడ మనం కలవం. నమ్మేవాళ్లే మనసు మార్చుకుని మానితే సంతోషిస్తాను, లాఠీ పెట్టి మాన్పిస్తే ఒప్పుకోను. కానీ సంక్రాంతి కోడిపందేల దగ్గర నా మాట వేరు. అక్కడ ఆకలీ లేదు, మొక్కూ లేదు. కోడి కాలికి కత్తి కట్టి, పురికొసతో బిగించి వదులుతారు. ఒక్క ఎగురులో రొమ్ము చీలిపోతుంది. పందెం డబ్బు చేతులు మారుతుంది. చట్టం కాదన్నది, శాస్త్రం కాదన్నది, ఇంకా సంప్రదాయమంటారు.

మావయ్య: పండగ పేరు పెట్టుకున్న జూదమది. అందులో నీ మాటే నా మాట.

మేనకోడలు: ఇప్పుడు ఈ గుడికే వద్దాం. లోపల కూర్మనాథుడు. ఇక్కడికి దగ్గర్లోనే సముద్రం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట మన ఒడ్డుకొచ్చి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడతాయి. అదే కాలంలో చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ట్రాల్ వలలో చిక్కుకుంటే అవి పైకి రాలేవు. తాబేలుకు మనలాగే గాలి కావాలి, ఊపిరాడక చస్తుంది. కూర్మానికి హారతి ఇచ్చే జిల్లాలోనే ఇది జరుగుతోంది.

మావయ్య: దానికి ఉపాయం లేదా?

మేనకోడలు: ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగినట్టు టెడ్ అనే పరికరం తయారుచేసింది. వల సంచికి ముందు ఊచల చట్రం బిగిస్తారు. చేపలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పైనున్న తలుపులోంచి బయటపడుతుంది. ఆ తలుపులోంచి చేపలు కూడా పోతున్నాయని బోటువాళ్ల బాధ. డీజిలు ఖర్చు పెట్టి వెళ్లినవాడికి ప్రతి కిలో లెక్కే. 1972 వన్యప్రాణి చట్టంలో రిడ్లీకి మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. కానీ రాత్రిపూట సముద్రం మీద చట్టం కన్ను ఎంత దూరం చూస్తుంది? వరాహం సంగతీ అంతే. సింహాచలంలో వరాహ నరసింహుడికి చందనం పూస్తాం, చేలో అడవిపంది పడితే కరెంటు తీగ కడతాం. ఆ తీగకు పందే కాదు, ఏనుగూ చస్తుంది, తెల్లవారి నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతూ చస్తాడు. ఒక్క రాత్రిలో వేరుశనగంతా తవ్విపోసిన పందికి దండం పెట్టమని ఆ రైతుకు మీరు చెప్పగలరా?

మావయ్య: చెప్పలేను. పంటపోయినవాడికి అహింస బోధించే ముందు అతని నష్టం ఎవరు కడతారో తేల్చాలి. లేకపోతే నా అహింసకు అతను వెల చెల్లిస్తున్నట్టు. తల్లీ, భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పినది నువ్విప్పుడు గుర్తుచేశావు. ఆ కపిలుడూ అవతారమే. చక్రం లేదు, గొడ్డలి లేదు, తల్లికి పాఠం చెప్పడానికి వచ్చాడు. అన్ని ప్రాణుల్లో ఉన్న నన్ను లక్ష్యపెట్టకుండా విగ్రహంలో పూజించేవాడు బూడిదలో హోమం చేస్తున్నాడన్నాడు. నేను ఇన్నేళ్లు దశావతారాలు చెప్పాను, పదకొండోవాడిలా పక్కన నిలబెట్టిన ఈయన మాటే అసలు మాట. అవతారం ఆయుధం పట్టింది తన పనికి. ఆ పని అయిపోయింది. మనకు వదిలిపెట్టింది ఆయుధాన్ని కాదు, ఈ చూపుని.

మేనకోడలు: ఇది ఒప్పుకుంటాను. పుస్తకాలు తెలియకపోయినా, దెబ్బతిన్న జంతువు కళ్లల్లోకి చూసినవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది. ఒక్కటి మాత్రం మీతో తేల్చుకోవాలి. వెన్ను విరిగి, లేవలేక, పుళ్లు పడి మూలిగే ఎద్దు ఉంటుంది. బతకదని తెలుసు. నేను సూది ఇస్తాను. 1928లో సబర్మతి ఆశ్రమంలో బాధపడుతున్న దూడకు గాంధీగారు అదే చేయించారు. దేశమంతా తిట్టింది. ఆయన అది అహింసేనన్నారు.

మావయ్య: ప్రాణం ఇవ్వలేనివాడు తియ్యకూడదని నా మనసు అంటుంది. దాని కర్మ అది అనుభవిస్తుందని చెప్పే ధైర్యం మాత్రం ఇప్పుడు లేదు. నీ చేతిలో సూది ఉన్నప్పుడు నీ మనసులో ఏముందో నీకే తెలుసు. సీత చెప్పిన తపస్విని మరవకు. రోజూ పట్టుకున్న వస్తువు చేతికి అలవాటైపోతుంది.

మేనకోడలు: మరవను. ప్రతిసారీ చెయ్యి వణకాలనే కోరుకుంటాను.

మావయ్య: ఇక నా వైపు నుంచి ఒక పని. ఈ కార్తీకంలో సముద్రపు ఒడ్డు ఊరి రామమందిరంలో పురాణం చెప్పమని పిలిచారు. దశావతారాలే చెబుతాను. కూర్మం దగ్గర ఆగి కపిలుడి మాట చెబుతాను. నువ్వు ఆ టెడ్ బిగించిన వల ముక్క తెచ్చి, అది ఎలా పనిచేస్తుందో వాళ్లకు చూపించు. చేపలు ఎంత పోతాయో, తాబేలు ఎలా బయటపడుతుందో ఉన్నదున్నట్టు చెప్పు. నష్టం ఎవరు పంచుకోవాలో కూడా అక్కడే మాట్లాడదాం.

మేనకోడలు: తప్పకుండా వస్తాను. కానీ మావయ్యా, వాళ్లు మిమ్మల్ని తిరిగి అడుగుతారు. మా వలకు తలుపు పెట్టమంటున్నారు, మీ పాలకు ఏ దూడ మాడిందని. దానికి జవాబు సిద్ధం చేసుకుని రండి.

మావయ్య: ఈ నెలలోనే, దూడకు కడుపునిండా తాగనిచ్చాకే పాలు పిండే ఇల్లు వెతుకుతాను. దొరికితే ఆ పాలు, దొరక్కపోతే గంజి. ఆ జవాబు చెప్పాకే పురాణం మొదలుపెడతాను.